కొండదాపు – ఎర్రతిప్ప మాటదారి

ప్రయాణం 611
తేటకాలం, మొదటి వారం

ఈ పుస్తకంలో ప్రతి ప్రయాణానికీ మూడు సంగతులు రాయాలని రాకపోకల సంఘం వారి నిబంధన. దూరం, పట్టిన సమయం, విశేషాలు. దూరం ఎప్పుడూ ఒకటే, పదకొండు వందల ఎనభై కిలోమీటర్లు. సమయం ఆరున్నర గంటలు, గాలి అలిగితే ఏడు. విశేషాలకి వాళ్ళిచ్చిన గడి మాత్రం బొటనవేలంత ఉంది. అందుకే నేను పక్క పేజీలోకి వెళ్ళిపోతుంటాను. తొమ్మిదేళ్ళుగా ఎవరూ ఇదేమిటని అడగలేదు. చదివితే కదా అడగడానికి.

కొండదాపు విమానాశ్రయం అంటే ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, ఒక టీ పొయ్యి, సూరప్పడనే నేను. ఈ ఉదయం రన్‌వే మీద పేరుకున్న మంచు ఇసుక ఊడ్చాను. ప్రయాణికులు ఏడుగురిని కాటా ఎక్కించి బరువు చూశాను. పన్ను పీకించుకోవడానికి వెళ్తున్న ఒక ముసలమ్మ, ఎర్రతిప్ప ఎంత దూరం నాయనా అని అడిగింది. గోడ మీద బోర్డు చూపించాను. చదువు రాదంది. ఆరున్నర గంటలని చెప్పాను. అంతసేపూ నువ్విక్కడ ఏం చేస్తావని అడిగింది. మాట్లాడతానన్నాను. పనీపాటా లేనివాడనుకుని నా వైపు జాలిగా చూసి విమానం ఎక్కింది.

కానీ నా పని అదే. కొండదాపుకీ ఎర్రతిప్పకీ మధ్య పాలమడుగు ఉంది. పేరుకి మడుగే గాని అందులో చుక్క నీరు లేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మంచుపొగ, దాని అడుగున కోసుగా లేచిన రాళ్ళు. ఆ పొగలోకి వెళ్తే ఏ దిక్సూచీ పనిచేయదు. అందుకని విమానం గాల్లో ఉన్నంతసేపూ ఇక్కడి లైను గదిలో నేనూ, అక్కడి లైను గదిలో ఓబులమ్మా మాట్లాడుకుంటూనే ఉంటాం. విమానం నడిపే మీరాబీ అక్క చెవులకి గొట్టాలు తగిలించుకుని మా ఇద్దరి గొంతులూ వింటూ వస్తుంది. రెండూ స్పష్టంగా వినిపిస్తే దారి సరిగ్గా ఉన్నట్టు. గొంతు పేలాలు వేగినట్టు చిటపటలాడితే దారి వంకరపోయినట్టు. అప్పుడు మేం ఎదురుగా ఉన్న పిడి తిప్పి సరిచేసుకుంటాం. ఏం మాట్లాడుకున్నా ఫరవాలేదు, ఆపకూడదంతే. జనం దీన్ని మాటదారి అంటారు.

ఒక గొంతుకి చెవి అలవాటు పడడానికి ఏడాది పడుతుంది. కాబట్టి మాకు బదులు కూర్చునేవాళ్ళు లేరు. నాకోసారి గొంతు పోతే రెండు వారాలు విమానమే లేదు. ఇందులో ఇంకో తమాషా కూడా ఉంది. విమానం లేవాలంటే ఇద్దరం చెరో చివరా కూర్చోవాలి. మాలో ఎవరు విమానం ఎక్కినా అది లేవదు. అందుకే తొమ్మిదేళ్ళుగా, గాలి ఒప్పుకున్న వారాల్లో రెండేసిసార్లు, ఆరున్నర గంటల చొప్పున మాట్లాడుకుంటున్న మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

చూడకపోతేనేం, తెలియనిది లేదు. ఆమె మొగుడు ఓ ఏడు, పొగలోంచి రాళ్ళూ ఇసుకా లేపే రాళ్ళగాలిలో పోయాడని తెలుసు. నాకు పెళ్ళి ఊసెత్తితే విమానం టైమయిందని లేచిపోయేవాణ్ణని ఆమెకి తెలుసు. అద్దాల పందిట్లో పండే చోళ్ళని, అదే రాగుల్ని, మేం అంబలి కాచుకుంటే వాళ్ళు సంగటి కెలుక్కుంటారు. ఏది మేలో ఇప్పటికీ తేలలేదు. తను పొడగరినని మొదటి ఏడే చెప్పింది. నేను నాకు ఒత్తయిన జుట్టుందని చెప్పాను.

ఈరోజు దారి శుభ్రంగా ఉంది. విమానం నేల మీద ఆగగానే ఓబులమ్మ ఎప్పటి మాటే చెప్పింది, చక్రాలు దిగినాయి, మాట ఆపచ్చని. ఏ చివర దిగితే ఆ చివరివాళ్ళు ఆ మాట చెప్పాలి. చెప్పాకే రెండోవాళ్ళు లేవాలి. ఆ మాట వినగానే నాకు ఆకలి గుర్తొస్తుంది.

ప్రయాణం 613
తేటకాలం, రెండో వారం

సంఘం నుంచి తాఖీదు వచ్చింది. మీరాబీ అక్కే తెచ్చి పొయ్యి పక్కన పడేసి, నీకూ నాకూ విశ్రాంతేనంది. పైవిమానాలు వస్తున్నాయట. పొగకి చాలా పైన, పగలే నక్షత్రాలు కనిపించేటంత ఎత్తున ఎగురుతాయట. అక్కడ దిక్సూచి పనిచేస్తుంది కాబట్టి మాటదారి అక్కర్లేదు. ప్రయాణ సమయం గంటా పది నిమిషాలు. ఇక్కడి నుంచి ఒకటి, అక్కడి నుంచి ఒకటి, రెండూ ఒకే వేళకి బయల్దేరతాయి.

మంచిదే. కిందటేడు కాలు విరిగిన ఆడమనిషిని తీసుకెళ్ళినప్పుడు ఆమె ఆరున్నర గంటలూ మూలుగుతూనే ఉంది, గొట్టంలో అది నాకు వినబడుతూనే ఉంది. అలాంటివాళ్ళకి వద్దనేటంత స్వార్థం నాకు లేదు. లైను కలవగానే ఓబులమ్మా అదే అంది. పన్నునొప్పితో ముసలమ్మ పూటంతా గాల్లో కూర్చోనక్కర్లేదంది. అవునన్నాను. దారిలో గంటల తరబడి చలికి మందులు కూడా పాడవ్వవంది. అవునన్నాను.

తర్వాత ఇద్దరికీ మాట దొరకలేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. లైను గదిలో పంకా అంత చప్పుడు చేస్తుందని నాకు ఇవాళే తెలిసింది. పిడి మీద చెయ్యి వేసుకుని ఉట్టినే కూర్చున్నాను. అంతలో గొట్టంలో మీరాబీ అక్క గొంతు వచ్చింది.

"ఏమయ్యా, ఏమమ్మా, నేనింకా గాల్లోనే ఉన్నాను. నన్ను దించాక పట్టండి మౌనవ్రతం."

ఓబులమ్మ గబగబా చెనిక్కాయల చట్నీ, అదే వేరుశెనగ పచ్చడి, ఎలా నూరాలో చెప్పడం మొదలెట్టింది. అది నాకు నోటికొచ్చు. అయినా కొత్తగా విన్నట్టు ఎన్ని మిరపకాయలని అడిగాను.

ప్రయాణం 619
తేటకాలం, ఐదో వారం

ఇవాళ మాటదారి మీద ఆఖరి ప్రయాణం. పొద్దున్నే బోర్డుకి రంగు వేశాను. దూరం ముట్టుకోలేదు. ఆరున్నర గంటలు అన్నది చెరిపి గంటా పది నిమిషాలు అని రాశాను. చేతిరాత ఎప్పుడూ నాకు బాగానే కుదురుతుంది, ఇవాళ మాత్రం అక్షరాలు పక్కకి ఒరిగాయి.

ఆఖరి రోజు గదా అని చెప్పాల్సినవి మనసులో వరస పెట్టుకుని కూర్చున్నాను. ఓబులమ్మ ఇకమీదట ఏం చేస్తావని అడిగింది. అనపపాదు పెడతానన్నాను. ఆమె కోళ్ళని పెంచుతానంది. ఇంకేం చేస్తావని మళ్ళీ అడిగింది. అనపపాదుకి పందిరి వేస్తానన్నాను. ఇంత మాటకారినై ఉండి, నువ్వు లేకపోతే నాకు తోచదు అనే నాలుగు ముక్కలు నా నోట రాలేదు. ఆరున్నర గంటలు ఇట్టే గడిచాయి.

చక్రాలు దిగినాయి, మాట ఆపచ్చని ఆమె చెప్పింది. నేను కాసేపు గొట్టం కింద పెట్టలేదు. అటువైపు కూడా టక్కుమన్న చప్పుడు వెంటనే రాలేదు.

సంఖ్య లేదు
తేటకాలం, ఎనిమిదో వారం

లైను పీకలేదు గాని అత్యవసరానికి తప్ప వాడొద్దన్నారు, కరెంటు బాగా తాగుతుందట. నా అవసరం అత్యవసరమా కాదా అని మూడు వారాలుగా నాతో నేనే వాదించుకుంటున్నాను. పైవిమానం వస్తుంది, పోతుంది. దానికి నాతో పని లేదు. కాటా కూడా అదే తెచ్చుకుంది. నేను టీ కాస్తున్నాను. అనపపాదు రెండు ఆకులు వేసింది. నిన్న దానికి మా నాయనమ్మ కబుర్లు చెప్తూ పట్టుబడ్డాను. విన్నది మీరాబీ అక్క, పైవిమానంలో ఊరికే చూసిపోదామని వచ్చింది. టీ రెండోసారి అడిగి తాగింది.

ఆ పూటే తోచింది. ఇప్పుడు విమానం లేవడానికి నేను కుర్చీలో కూర్చోనక్కర్లేదు. అంటే నేనూ ఎక్కొచ్చు. ఇంత తేలిక సంగతి మూడు వారాల దాకా నా బుర్రకి ఎక్కలేదు.

ఓబులమ్మకి చెప్పకుండానే వెళ్తాను. చెబితే వద్దంటుందేమోనని భయం. ఎదురుగా వెళ్ళి నిలబడితే వద్దనడం కష్టం. తొమ్మిదేళ్ళలో ఆమెకి చెప్పకుండా నేను చేస్తున్న మొదటి పని ఇది.

ఎర్రతిప్ప నుంచి
మూడు రోజుల తర్వాత

పుస్తకం వెంట తెచ్చుకున్నాను. రాసే అలవాటు పోదు.

పాలమడుగుని పై నుంచి చూశాను. ఇన్నేళ్ళూ దాని గుండా మాటలు పంపాను గాని అదెంత ఉందో తెలియలేదు. చూపు ఆనినంత మేరా తెలుపు. ఓబులమ్మని చూడగానే మొదట ఏమనాలో ఆలోచించుకోవడం మొదలెట్టాను. గంటా పది నిమిషాలు అసలు సరిపోలేదు. సగం దారిలో అటు నుంచి వస్తున్న రెండో పైవిమానం కొంత దూరంలో మెరుస్తూ కనిపించింది. అందరూ కిటికీల్లోంచి చేతులూపారు. నేనూ ఊపాను.

ఎర్రతిప్ప కూడా మా విమానాశ్రయం లాంటిదే, నేల ఎర్రగా ఉంటుంది అంతే. లైను గది తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల ఎవరూ లేరు. సామాను మోసే మనిషిని అడిగితే, ఓబులమ్మక్క పొద్దున కొత్త విమానంలో కొండదాపుకి పోయిందప్పా, ఎవరికీ చెప్పొద్దనింది అన్నాడు. నేను చేతులూపింది ఆమెకే.

అక్కడే కూలబడ్డాను. ఆమె కుర్చీలో కూలబడ్డాను నిజానికి. అది ఎంత పొట్టిగా ఉందంటే నా మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. గోడ మీద అద్దం నా రొమ్ము ఎత్తున ఉంది. పొడగరిని అన్న మనిషి అద్దం అక్కడెందుకు పెట్టుకుంటుంది? అలా నవ్వుకుంటుండగా గొట్టం మోగింది. ఎత్తాను.

"సూరప్పా," అంది ఓబులమ్మ, "నీ కుర్చీకి ఒక కాలు ఊగుతా ఉండాది. అది సరే. నీ రూములో దువ్వెన ఎందుకు లేదప్పా?"

"నీ అద్దం ఇంత కిందకి ఉందేటి ఓబులమ్మా?" అన్నాను.

కడుపు నొప్పెట్టేదాకా నవ్వుకున్నాం. కరెంటు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రెండు రోజుల్లో మళ్ళీ పైవిమానం ఉంది. ఈసారి ఎవరో ఒకరు కదలకుండా కూర్చోవాలి, ఎవరా అని చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఆమె అక్కడే ఉండేటట్టు, నేను వెళ్ళేటట్టు ఒప్పందం కుదిరింది.

ఎర్రతిప్ప నుంచి
రాళ్ళగాలి మొదలు

రాళ్ళగాలి ఈ ఏడు ముందే వచ్చిపడింది. నేను మూట కట్టుకుని కూర్చున్న రోజునే. పై ఎత్తుల్లోకి కూడా మంచు ఇసుక లేచి, ఒక పైవిమానానికి ఇంజను ఆగిపోయింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. సంఘం రెండిటినీ తెప్పించుకుంది. బాగుచేసి తిప్పి పంపిస్తారని చూశాం. దక్షిణాన జనం ఎక్కువ ఉన్న ఊళ్ళకి వాడుకుంటున్నామనీ, ఈ దారికి ఇక పంపేది లేదనీ, పాత పద్ధతినే కొనసాగించవలెననీ తాఖీదు వచ్చింది.

పాత పద్ధతి అంటే ఒక విమానం, రెండు చివరల రెండు గొంతులు. ఇద్దరం చివరల్లోనే ఉన్నాం కాబట్టి ప్రయాణాలు మొదలయ్యాయి. కాకపోతే నేను ఆమె కుర్చీలో, ఆమె నా కుర్చీలో. మళ్ళీ ఎవరం విమానం ఎక్కినా అది లేవదు. చూడబోయి ఇద్దరం ఒకరింట్లో ఒకరం చిక్కుకున్నాం.

ప్రయాణం 627
రాళ్ళగాలి, నాలుగో వారం

నిజం చెప్పాలంటే బాగానే ఉంది. ఆమె పొయ్యి నా పొయ్యి కన్నా మేలు. సంగటి కెలకడం నేర్చుకున్నాను, ఆ మాట ఆమెకి చెప్పలేదు. ఆమె అనపపాదుకి పందిరి వేసి పెట్టింది. నా చింతచిగురు పచ్చడి జాడీ మూత తీసి మూడు రోజులు తిట్టింది, నాలుగో రోజు నుంచి తిట్టడం మానేసింది. మాటలకి కొదవలేదు. ఏ అరలో ఏముందో అడిగి చెప్పుకోవడంతోనే సగం దారి గడిచిపోతుంది.

నిన్న సంఘం అధికారి లైనులోకి వచ్చి, విధి స్థానాలు మార్చుకోవడం నిబంధనలకి విరుద్ధమనీ, వెంటనే ఎవరి చోటికి వారు వెళ్ళవలెననీ అన్నాడు. ఎలా వెళ్ళమంటారని అడిగాను. విమానంలో అన్నాడు. అప్పుడు లైనులో ఎవరు మాట్లాడతారని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ సంగతి మళ్ళీ చెప్తానన్నాడు. ఇంతవరకూ చెప్పలేదు.

నవ్వుకున్నాం గాని, ఆ తర్వాత ఓబులమ్మ గొంతు తగ్గిపోయింది. ఇన్నాళ్ళూ ఈ దారి ఎప్పటికీ ఇంతేనని సర్దుకున్నాననీ, ఒకసారి దాటొచ్చని తెలిశాక సర్దుకోవడం చేతకావడం లేదనీ అంది. నాకూ అంతే. ఒకరి వస్తువుల మధ్య ఒకరం బతుకుతూ, వస్తువుల మనిషిని చూడకుండా ముసలివాళ్ళమైపోతామా అని ఆమె అడిగింది. పేలాలు వేగడం మొదలైంది, పిడి తిప్పాను.

ప్రయాణం 629
రాళ్ళగాలి, ఆరో వారం

ఇవాళ మీరాబీ అక్క దిగగానే సంచి కూడా దించకుండా లైను గదిలోకొచ్చి నా ఎదుట కూర్చుంది. ఆమె వయసు అరవై. ముప్ఫై ఏళ్ళుగా పాలమడుగులో తిరుగుతోంది, అవసరమైతే తప్ప నోరు విప్పదు.

"రెండు గొంతులు కావాలి అని ఉంది నిబంధనలో," అంది. "రెండోది నేల మీదే ఉండాలని ఎక్కడుంది? ఓబులమ్మని నా వెనక సీట్లో కూర్చోబెట్టి గొట్టం చేతికిస్తాను. ఆమె అక్కణ్ణుంచి మాట్లాడుద్ది, నువ్విక్కణ్ణుంచి మాట్లాడు."

మరి నువ్వే మాట్లాడొచ్చుగా ఇన్నేళ్ళూ అన్నాను. నేను వినాలి తమ్ముడూ, మాట్లాడుతూ వినడం ఎవరికొచ్చు అంది. అదీ నిజమే. కానీ అప్పుడు పిడి ఒక్కటే పనిచేస్తుంది, నా దగ్గరిది. రెండు చివరల నుంచి పట్టి ఉంచే దారిని ఒక్క చివర నుంచే పట్టాలి. ఆ గొంతు నా చేతిలోంచి జారితే విమానం, అందులో ఉన్న ఇద్దరూ రాళ్ళ పాలు.

లైనులో ఓబులమ్మకి చెప్పి, వద్దని కూడా నేనే చెప్పాను. నేను ఇక్కడ బాగానే ఉన్నాను, నువ్వక్కడ బాగానే ఉన్నావు, మాటలున్నాయి, చాలన్నాను. ఆమె అంతా విని, బియ్యం ఏరినట్టు నెమ్మదిగా జవాబు చెప్పింది. ఆ ఇల్లు తనదనీ, తనింటికి తను రావడానికి నా అనుమతి అక్కర్లేదనీ అంది.

"నా గొంతు నీకు తెలిసినట్ల యవరికీ తెలీదు సూరప్పా. నువ్వు పట్టుకుంటావు. రానీ నన్ను."

సరే రమ్మన్నాను. ప్రయాణికులెవరినీ ఎక్కించకూడదని మాత్రం ముగ్గురం అనుకున్నాం.

ప్రయాణం 631
దూరం: పదకొండు వందల ఎనభై కిలోమీటర్లు
సమయం: ఏడు గంటలు

మీరాబీ అక్క రన్‌వే దాటుతున్నామని చెప్పగానే ఓబులమ్మ అందుకుంది. మొదటి గంటలు బాగానే సాగాయి. విమానం ఎక్కడం ఆమెకి రెండోసారే గదా, కిటికీలోంచి ఏమీ కనిపించడం లేదని విసుక్కుంది. పచ్చడి జాడీ ఒళ్ళో పెట్టుకుని తెస్తోందట. వేసుకున్నాక మూత బిగించలేదని మీరాబీ అక్క గొణగడం కూడా వినిపించింది. ఆమె గొంతు చోటు మారుతుంటే పిడి కొంచెం కొంచెంగా తిప్పుతూ వచ్చాను. కదిలే గొంతుని పట్టుకోవడం నాకు కొత్త, అయినా చెయ్యి తెలుసుకుంది.

సగం దారి దాటాక రాళ్ళగాలి ఊపందుకుంది. మా అద్దాల పందిరి గురించి ఏదో అంటూ అంటూ మధ్యలో ఆమె గొంతు ఆగిపోయింది. చిటపటలు కూడా లేవు. ఏమీ లేదు. పిడి ఎడమకి తిప్పాను, కుడికి తిప్పాను. ఓబులమ్మా అని పిలిచాను. అక్కా అని పిలిచాను. పంకా తిరుగుతున్న చప్పుడే వినబడింది.

లేచి బయటికి పరిగెత్తాలనిపించింది, పరిగెత్తి ఏం చేస్తాను? నేను ఆపితే దారిలో ఇక ఒక్క గొంతు కూడా ఉండదు. వాళ్ళకి వినబడుతుందో లేదో తెలియకుండానే పిడి ఒకచోట నిలిపి మాట్లాడడం మొదలెట్టాను. కబుర్లు రాలేదు. ఇన్నేళ్ళూ రానివే వచ్చాయి.

"ఓబులమ్మా, నాకు జుట్టు లేదు. ముప్ఫయ్యో ఏటనే ఊడిపోనాది. వారంలో నాకు రెండే రోజులుండేవి, నువ్వు మాటాడే రోజులు. తక్కినవి వాటి కోసం గడిపేవోణ్ణి. పైవిమానం వస్తాదంటే నాను ఏడిసినాను, నీకు సెప్పలేదు. నువ్వంటే నాకు పేణం. ఇంటన్నావో లేదో నాకు తెల్దు. ఇంటే మాత్రం రా. నువ్వు రాకపోతే ఈ ఇంట్లో నానుండలేను."

అదే తిప్పి తిప్పి చెప్పాను. సంగటి కెలకడం వచ్చని చెప్పాను. ఆమె దుప్పటి కప్పుకుని పడుకుంటున్నానని చెప్పాను. గొంతు బొంగురుపోయింది, నీళ్ళు తాగడానికి కూడా ఆగలేదు. ఎంతసేపు గడిచిందో చూడలేదు, చూడబుద్ధి కాలేదు. చెంపలు తడిసినా తుడుచుకోవడానికి పిడి వదలలేదు.

అప్పుడు పేలాలు వేగినట్టు చిన్న చప్పుడు. వెంట్రుక వాసి తిప్పాను. ఇంకొంచెం తిప్పాను.

"...మాట్లాడే గొట్టానికి మంచు కట్టిందప్పా, ఒళ్ళో పెట్టుకుని కరగబెడతా ఉండా," అంటోంది ఓబులమ్మ. "వినే గొట్టం బాగానే ఉండాది. అంతా విన్యా."

అంతానా అన్నాను. మొదటి నుంచి అంది. తనూ విన్నాననీ, చెవులున్నది అందుకేననీ మీరాబీ అక్క ముందు సీట్లోంచి అంది. నువ్వు ఆపకుండా మాట్లాడబట్టి ఆ గొంతు పట్టుకుని వచ్చాను తమ్ముడూ, లేకపోతే ఈపాటికి రాళ్ళల్లో ఉండేదాన్నని కూడా అంది. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. చావలేదు. ఓబులమ్మ కాసేపు ముక్కు చీది, నేను చెప్పినవాటికి ఒక్కొక్కదానికీ వరసగా బదులు చెప్పుకుంటూ వచ్చింది. ఆ బదుళ్ళు ఈ పుస్తకంలో రాయను. సంఘం వాళ్ళు ఎప్పుడైనా చదవొచ్చు.

దగ్గరవుతున్నకొద్దీ ఆమె గొంతు పెద్దదవుతూ వచ్చింది. చివరికి పిడి తిప్పే పనే లేకుండా పోయింది. కిటికీలోంచి విమానం పొగలోంచి పైకి రావడం, రన్‌వే మీద దుమ్ము లేవడం చూశాను. చెప్పాల్సిన మాట ఈసారి నాది. ఆమె ఆగకుండా మాట్లాడుతూనే ఉంది, నేను ఆ మాట చెప్పేదాకా ఆపకూడదు గదా.

"చక్రాలు దిగాయి," అన్నాను ఎట్టకేలకి. "మాట ఆపొచ్చు."

గొట్టం కింద పెట్టి బయటికి వెళ్ళాను. నా భుజం దాకా కూడా రాని మనిషి పచ్చడి జాడీ చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. నా గుండు వైపు చూసింది. నేను ఆమె ఎత్తు వైపు చూశాను. మీరాబీ అక్క మా పక్కనుంచి నడుచుకుంటూ టీ కోసం లోపలికి వెళ్ళిపోయింది.

ప్రయాణం 641
తేటకాలం రాబోతోంది

సంఘానికి మీరాబీ అక్కే నచ్చజెప్పింది. ఒక గొంతు నేల మీద, ఒక గొంతు విమానంలో ఉంటే చాలునని తొమ్మిది ప్రయాణాల్లో తేలింది. ఓబులమ్మ ఒకసారి కొండదాపు వెళ్ళి అదే విమానంలో తిరిగొస్తుంది, నేను ఇంకోసారి వెళ్ళి తిరిగొస్తాను. మాట్లాడే గొట్టానికి ఉన్ని తొడుగు అల్లాం. కొండదాపులో అనపపాదు కాపుకొచ్చింది, వెళ్ళినవాళ్ళు కాయలు కోసుకొస్తున్నారు. పన్ను పీకించుకున్న ముసలమ్మ ఇవాళ రెండో పన్ను కోసం దిగింది. ఎంత దూరమని ఈసారి అడగలేదు.

మొన్న వెళ్ళినప్పుడు కొండదాపు బోర్డుకి మళ్ళీ రంగు వేశాను. ఆరున్నర గంటలని రాశాను. కొత్త కుర్చీ ఒకటి చేయించాం, ఇద్దరికీ కుదిరే ఎత్తులో, కాలు ఊగకుండా.

ఇప్పుడిది రాస్తుంటే ఓబులమ్మ ఎదురుగా కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. మధ్యాహ్నం నుంచి మేం ఒక్క మాటా అనుకోలేదు. గాల్లో ఎవరూ లేరు. ఒలిచిన గింజలు కొన్ని నా వైపు తోసింది, తింటున్నాను.